రెండోసారి పుట్టినవాళ్లు

మతం మారడం వేరు... మనిషి మారడం వేరు. మొదటిది ఊరందరికీ తెలుస్తుంది. రెండోది ఒక్కోసారి ఆ మనిషికే ఏళ్ల తరబడి తెలియదు. ఈ రెంటికీ ముడి ఎక్కడుంది? 'మళ్లీ పుట్టడం' అని క్రైస్తవులు తరచూ చెప్పే మాటకు అసలు అర్థమేమిటి?

జాన్ వెస్లీ... ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. పాతికేళ్లకే చర్చిలో గురువయ్యాడు. ఖైదీలకూ పేదలకూ సేవ చేశాడు. సముద్రం దాటి అమెరికా వెళ్లి మరీ మతప్రచారం చేశాడు. అలాంటివాడు ముప్ఫై నాలుగేళ్ల వయసులో తనకింకా నిజమైన విశ్వాసమే లేదని తేల్చుకున్నాడు!

పండిత రమాబాయి... 1883లో ఇంగ్లాండులో బాప్తిస్మం తీసుకుంది. ఆ వార్త వినగానే ఇక్కడ పండిత లోకం భగ్గుమంది. తీరా ఎనిమిదేళ్లు గడిచాక ఆమెకు అర్థమైందేమిటంటే... తనకు దొరికింది క్రైస్తవ మతమేగానీ క్రీస్తు కాదని!

జాన్ న్యూటన్... 1748లో నడిసముద్రంలో తుపానులో చిక్కుకుని దేవుణ్ని తలచుకున్నాడు. బతికి బయటపడ్డాడు. ఆ తేదీని జీవితాంతం ఏటా గుర్తుచేసుకున్నాడు. కానీ ఆ తర్వాత కూడా ఆరేళ్లపాటు మనుషుల్ని సరుకులా కొని అమ్మే ఓడల్లోనే కొలువు చేశాడు!

ముగ్గురూ క్రైస్తవ చరిత్రలో పెద్ద పేర్లే. ముగ్గురి కథల్లోనూ చిక్కు ఒకటే. మతం ఎప్పుడు పుచ్చుకున్నారో చెప్పడం తేలికే. మనిషి ఎప్పుడు మారాడో చెప్పడమే కష్టం. ఆ చిక్కు విప్పాలంటే రెండు వేల ఏళ్ల వెనక్కి, యెరూషలేములో ఓ రాత్రికి వెళ్లాలి.

చీకట్లో వచ్చిన పెద్దమనిషి

నికొదేము యూదుల్లో పెద్ద. ధర్మశాస్త్రం ఔపోసన పట్టినవాడు. పగలు వస్తే నలుగురూ ఏమనుకుంటారోనని కాబోలు, రాత్రిపూట యేసు దగ్గరికి వచ్చాడు. మీరు దేవుడి దగ్గర్నుంచి వచ్చిన బోధకులని మాకు తెలుసంటూ మర్యాదగా మాట మొదలుపెట్టాడు. యేసు ఆ మర్యాదలన్నీ పక్కనపెట్టి, మనిషి మళ్లీ పుడితే తప్ప దేవుడి రాజ్యాన్ని చూడలేడన్నాడు. ముసలివాడు మళ్లీ తల్లి కడుపులోకి వెళ్లి పుడతాడా అని నికొదేము విస్తుపోయాడు. యోహాను సువార్త 3వ అధ్యాయంలో ఉన్న ఈ సంభాషణే 'కొత్త పుట్టుక' సిద్ధాంతానికి మూలం.

ఆ ఇద్దరి మధ్యా నడిచిందంతా ఒక మాట చుట్టూ నడిచిన కథ. సువార్త గ్రీకులో ఉంది. అందులో వాడిన మాట 'అనోథెన్'. దానికి రెండర్థాలు. ఒకటి 'మళ్లీ', రెండోది 'పై నుంచి'. నికొదేముకు మొదటి అర్థమే తట్టింది. యేసు ఉద్దేశం రెండోది కూడా. అంటే, ఇది శరీరం మరోసారి పుట్టడం కాదు, ఆత్మ వల్ల పై నుంచి కలిగే పుట్టుక. గాలి ఎటునుంచి వస్తుందో ఎటు పోతుందో తెలియనట్టే ఇది కూడా మనిషి లెక్కకు అందదని యేసు వివరించాడు.

గమనించాల్సింది మరొకటుంది. యేసు ఈ మాట చెప్పింది ఏ దొంగకో తాగుబోతుకో కాదు. పూజలూ ఉపవాసాలూ క్రమం తప్పకుండా చేసే పెద్దమనిషికి! మతం నిండుగా ఉన్నవాడికి కూడా ఇంకేదో కావాలనడమే అక్కడ అసలు విషయం.

మళ్లీ పుట్టడమన్న మాట మనకు మాత్రం కొత్తా? ఉపనయనమైన వటువును ద్విజుడంటారు. పెద్ద ఆపరేషన్ అయి బతికి బయటపడినవాణ్ని 'మళ్లీ పుట్టాడు' అంటాం. పురిటి గండం గట్టెక్కిన తల్లికి అది పునర్జన్మే. అయితే క్రైస్తవులు చెప్పే కొత్త పుట్టుక చనిపోయాక మరో శరీరంతో వచ్చేది కాదు. ఈ జన్మలోనే, ఈ ఒంట్లోనే జరగాల్సింది.

తిరగడం... పుట్టడం

బైబిల్లో మార్పును చెప్పే మాటలు చాలానే ఉన్నాయి. హీబ్రూలో 'షూబ్' అంటే వెనక్కి తిరగడం. దారితప్పినవాడు ఇంటిదారి పట్టడం లాంటిది. గ్రీకులో 'మెటనోయియా' అంటే ఆలోచన మారడం. దీన్నే తెలుగు బైబిల్ 'మారుమనస్సు' అంది. ఎంత చక్కటి మాట! మతం అన్న ఊసే లేదు అందులో. మారాల్సింది మనసేనని చెబుతోంది.

వేదాంతులు ఈ రెంటినీ జాగ్రత్తగా విడదీశారు. మారుమనస్సు మనిషి చేసే పని. తప్పు తెలుసుకుంటాడు, పశ్చాత్తాపపడతాడు, దేవుడి వైపు తిరుగుతాడు. కొత్త పుట్టుక మనిషి చేసే పని కాదు. ఎవరూ తమను తాము కనలేరు కదా! అది దేవుడు మనిషి లోపల చేసే పని. మొదటిది నలుగురి ముందూ చెప్పుకోవచ్చు. రెండోది జరిగిందో లేదో దాని ఫలితాన్ని బట్టి తెలియాల్సిందే.

అక్కడివరకూ అందరూ ఒప్పుకుంటారు. మరి ఈ రెంటిలో ఏది ముందు? చర్చిలు వేరుపడింది ఇక్కడే.

ఎవరి మాట ఏమిటి?

కేథలిక్కులు, ఆర్థడాక్సులు: కొత్త పుట్టుక బాప్తిస్మంలోనే జరుగుతుంది. అందుకే పసిబిడ్డలకూ ఇస్తారు. ఆ తర్వాత మనిషి తప్పు చేసిన ప్రతిసారీ తిరిగి రావాలి. అంటే పుట్టుక ఒక్కసారే, మారుమనస్సు మాత్రం బతికినంతకాలం.

లూథరన్లు: వీళ్లూ పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. దేవుడు ఆ నీటితోనూ వాక్యంతోనూ కొత్త జన్మ ఇస్తాడని నమ్ముతారు. పాత స్వభావం రోజూ చావాలి, కొత్త మనిషి రోజూ లేవాలి అన్నది లూథర్ బోధ సారాంశం.

కాల్విన్ దారి వాళ్లు: ఆత్మలో చచ్చిపడి ఉన్నవాడు దేవుడి వైపు ఎలా తిరుగుతాడు? ముందు దేవుడు ప్రాణం పోయాలి. ఆ తర్వాతే విశ్వాసమూ పశ్చాత్తాపమూ. 1618-19లో హాలెండులోని డోర్ట్‌లో జరిగిన మహాసభ ఈ మాటనే ఖరారు చేసింది.

మెథడిస్టులు: దేవుడి కృప అందరినీ ముందే తడుతుంది. ఔననడమో కాదనడమో మనిషి చేతిలో ఉంది. నమ్మిన క్షణంలో కొత్త పుట్టుక.

బాప్టిస్టులు: ముందు మార్పు, దాని గురించి సొంత నోటితో సాక్ష్యం, ఆ తర్వాతే నీళ్లలో ముంచి బాప్తిస్మం. అది పుట్టుకకు గుర్తేగానీ పుట్టుక కాదు.

పెంతెకొస్తు వాళ్లు: కొత్త పుట్టుక తర్వాత పరిశుద్ధాత్మ అభిషేకం అనే మరో అనుభవం ఉంటుందంటారు. 1906లో లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధిలో మొదలైన కూడికలతో ఈ బోధ లోకమంతా పాకింది.

గుంటూరులో లూథరన్ల చర్చిలో పసిబిడ్డ నుదుటిమీద నీళ్లు చల్లడానికీ, ఒంగోలు బాప్టిస్టులు పెద్దవాళ్లను నీళ్లలో నిలువునా ముంచడానికీ తేడా ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా! అది ఆచారంలో తేడా మాత్రమే కాదు. మనిషి ఎప్పుడు, ఎలా మళ్లీ పుడతాడన్న ప్రశ్నకు రెండు జవాబులు.

పాస్టరుగారే మారారు!

సిద్ధాంతం పుస్తకాల్లో ఉన్నంత సాఫీగా జీవితంలో సాగదు. వెస్లీ కథే చూడండి.

1735లో అమెరికాలోని జార్జియాకు ఓడెక్కాడు. దారిలో భయంకరమైన తుపాను. ఇంగ్లిషువాళ్లు కేకలు పెడుతుంటే, జర్మనీ నుంచి వస్తున్న మొరేవియన్ క్రైస్తవులు పిల్లాపాపలతో సహా ప్రశాంతంగా కీర్తనలు పాడుకుంటున్నారు. చావంటే వాళ్లకు భయం లేదు. తనకుంది! బోధించే తన దగ్గర లేనిది వాళ్ల దగ్గరుందని అప్పుడే వెస్లీకి అనుమానమొచ్చింది. జార్జియాలో ఆయన చేసిన పని కూడా అచ్చిరాలేదు. రెండేళ్లకే తిరుగు ప్రయాణమయ్యాడు. అమెరికా వాళ్లను మార్చడానికి వెళ్లాను సరే, నన్నెవరు మారుస్తారని డైరీలో వాపోయాడు.

1738 మే 24 సాయంత్రం. లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో చిన్న కూడిక. వెళ్లాలని లేకపోయినా వెళ్లాడు. రోమీయులకు రాసిన పత్రికకు లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట తక్కువ. గుండెలో ఏదో వెచ్చదనం పాకినట్టయిందని వెస్లీ రాసుకున్నాడు. తన పాపం పోయిందన్న ధీమా కలిగింది. అంతే. మెరుపులు లేవు, ఉరుములు లేవు. టైముతో సహా రాసిపెట్టుకున్న ఆ క్షణమే మెథడిస్టు ఉద్యమానికి ఆయువుపట్టయింది.

తర్వాత రోజుల్లో కొత్త పుట్టుకను వివరించడానికి వెస్లీ తల్లి కడుపులోని బిడ్డను ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ బిడ్డకు కళ్లున్నాయి, చూడలేదు. చెవులున్నాయి, సరిగా వినలేదు. పుట్టగానే అదే లోకం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. దేవుణ్ని ఎరగని మనిషీ అంతేనంటాడు. మరో సంగతి కూడా చెప్పాడు. బిడ్డ పుట్టడానికి కొన్ని గడియలు చాలు. పెరగడానికి ఏళ్లు కావాలి. కొత్త పుట్టుక మొదలే తప్ప చివర కాదు.

ఇంగ్లాండులోని కార్న్‌వాల్‌లో విలియం హాస్లమ్ అనే పాస్టరు కథ ఇంకా విచిత్రం. నువ్వింకా మారలేదని సాటి పాస్టరు ఒకాయన మొహం మీదే అనేశాడు. ఆ దిగులుతోనే 1851లో ఓ ఆదివారం ప్రసంగం మొదలుపెట్టాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా తన ప్రసంగం తనకే తగిలింది. మొహం వెలిగిపోయింది. పాస్టరుగారు మారారహో అని కింద కూర్చున్న ఒకాయన కేక పెట్టాడు! హాస్లమ్ ఈ సంగతంతా ఓ పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం సముద్రాలు దాటి మన దేశానికి వచ్చి, ఒక తెలివైన స్త్రీ చేతుల్లో పడింది. ఆమే పండిత రమాబాయి.

మతం దొరికింది గానీ...

రమాబాయి 1858లో పుట్టింది. ఆడపిల్లకు సంస్కృతం ఏమిటని లోకం కోప్పడినా తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే ఖాతరు చేయలేదు. ఆ కుటుంబం పురాణ ప్రవచనాలు చెప్పుకుంటూ క్షేత్రాలు తిరిగేది. 1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో కరవొచ్చింది. తిరుపతి ప్రాంతపు అడవుల్లో ఆకులూ నీళ్లతో రోజులు వెళ్లదీసిన వైనాన్ని ఆమె తర్వాత రాసింది. ఆ కరవే అమ్మానాన్నల్ని పొట్టనపెట్టుకుంది.

1878లో కలకత్తా చేరిన రమాబాయి సంస్కృతం వింటే పండితులకు నోట మాట రాలేదు. 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. ఆమె బెంగాలీ న్యాయవాదిని పెళ్లాడింది. రెండేళ్లు తిరక్కుండానే భర్త పోయాడు. ఒళ్లో పసిపాప మనోరమ. 1883లో వైద్యం చదవాలని ఇంగ్లాండు వెళ్లి, ఆ ఏడు సెప్టెంబరులో వాంటేజ్ అనే ఊళ్లో బిడ్డతో సహా బాప్తిస్మం తీసుకుంది.

అక్కడితో కథ ముగిసిందనుకున్నారంతా. ఆమెకు మాత్రం అది మొదలే. చెప్పిందల్లా నమ్మే స్వభావం కాదాయె! తనను ఆదరించిన సిస్టర్లతోనే సిద్ధాంతాల మీద వాదనకు దిగింది. ఒక్క మతంలో ఇన్ని శాఖలేమిటని విసుక్కుంది. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదాసదన్ తెరిచింది. సేవ సాగుతూనే ఉంది. మనసు మాత్రం కుదుటపడలేదు. 1891 ప్రాంతంలో హాస్లమ్ పుస్తకం చదువుతుండగా సందేహం మొలిచింది. మతాన్ని బుద్ధితో ఒప్పుకున్నాను, నాలో ఏం మారిందని తనను తాను ప్రశ్నించుకుంది. వేదాంతం పట్టుబడినంత మాత్రాన శాంతి రాదని, అది కేవలం కృపవల్ల వచ్చేదని అప్పుడు అర్థమైందట. 1907లో రాసిన సాక్ష్యంలో ఆ సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

పూణె దగ్గర కేడ్‌గావ్‌లో ఆమె నెలకొల్పిన ముక్తి మిషన్ కరవు పాలైన వందలాది బాలికలకూ వితంతువులకూ నీడనిచ్చింది. చివరి ఏళ్లలో బైబిల్ మొత్తాన్నీ మామూలు మరాఠీలోకి తిప్పి, 1922లో కన్నుమూసింది. మత మార్పిడికీ మనసు మార్పిడికీ మధ్య ఎనిమిదేళ్ల దూరం ఉండొచ్చని ఆమె జీవితమే చెబుతుంది.

పైన ప్రార్థన... కింద సంకెళ్లు

అన్నిటికన్నా ఇబ్బందిపెట్టే కథ జాన్ న్యూటన్‌ది.

1725లో లండన్‌లో పుట్టాడు. పడవ సరంగు కొడుకు. నౌకాదళం వాళ్లు బలవంతాన పట్టుకుపోతే పారిపోబోయి కొరడా దెబ్బలు తిన్నాడు. ఆఫ్రికా తీరంలో ఓ బానిస వ్యాపారి దగ్గర తిండికి కూడా మొహం వాచిపోయేలా బతికాడు. నోరు తెరిస్తే దైవదూషణే. 1748 మార్చిలో ఇంటిదారి పట్టిన 'గ్రేహౌండ్' ఓడ తుపానులో పడి పక్క చీలింది. గంటల తరబడి నీళ్లు తోడుతూ, ఇక చావే అనుకున్న వేళ నోటివెంట దేవుడి పేరొచ్చింది. నాలుగు వారాలకు ఓడ ఎలాగో ఐర్లండ్ తీరం చేరింది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. జీవితంలో అలా జరగలేదు. న్యూటన్ బూతులు మానేశాడు, బైబిల్ చదివాడు. అయినా తిరిగి బానిస ఓడే ఎక్కాడు. 1750 నుంచి ఏకంగా కెప్టెన్. ఆదివారం నావికులను కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు. అదే ఓడలో, ఆ చెక్కల కింద, ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులు సంకెళ్లతో ఒకరినొకరు ఒరుసుకుంటూ పడుండేవాళ్లు. అందులో తప్పేమిటో ఆయనకు తట్టలేదు! 1754లో ఆరోగ్యం దెబ్బతిని ఓడ దిగాడేగానీ అంతరాత్మ నిలదీసి కాదు.

1764లో ఓల్నీ అనే ఊళ్లో పాస్టరయ్యాడు. ప్రపంచమంతా పాడుకునే 'అమేజింగ్ గ్రేస్' గీతం ఆయన రాసిందే. 1773 కొత్త సంవత్సరం నాటి ప్రసంగం కోసం రాశాడు. అప్పటికీ బానిస వ్యాపారం గురించి బహిరంగంగా ఒక్క మాట మాట్లాడలేదు. 1788లో, ఓడ దిగిన ముప్ఫై నాలుగేళ్లకు, నోరు విప్పాడు. తాను చూసినవీ చేసినవీ రాసి పుస్తకం వేశాడు. అందులో సిగ్గుతో తలదించుకున్నాడు. బ్రిటిష్ ప్రభుత్వ విచారణలో సాక్ష్యం చెప్పాడు.

అంతకు మూడేళ్ల ముందు, 1785లో, ఒక యువ ఎంపీ నికొదేములాగే గుట్టుగా ఆయన ఇంటికొచ్చాడు. పేరు విలియం విల్బర్‌ఫోర్స్. మనసు మారింది, రాజకీయాలు వదిలేయనా అన్నది అతని సందిగ్ధం. వదలొద్దు, అక్కడే ఉండి దేవుడి పని చెయ్యమన్నాడు న్యూటన్. ఆ యువకుడే బానిస వ్యాపారం రద్దు కోసం రెండు దశాబ్దాలు పార్లమెంటులో పోరాడాడు. 1807 మార్చిలో చట్టం వచ్చింది. ఆ డిసెంబరులోనే న్యూటన్ కన్నుమూశాడు.

మరి న్యూటన్ మళ్లీ పుట్టిందెప్పుడు? తుపాను రాత్రా... నలభై ఏళ్ల తర్వాతా? తుపాను నాటికి తాను పూర్తి అర్థంలో విశ్వాసిని కానని, అందుకు ఇంకా చాలాకాలం పట్టిందని ఆయనే రాశాడు. పుట్టిన బిడ్డకు చూపు నిలవడానికి సమయం పడుతుందని సర్దిచెప్పేవాళ్లున్నారు. ఓడ అడుగున ఉన్నవాళ్ల మాటేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ రెండో ప్రశ్న బరువైనది. కొత్త పుట్టుక తన ఒక్కడి శాంతికేనా, పక్కవాడి బతుకునూ తాకాలా అని నిలదీసే ప్రశ్న అది.

గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది

ఈ ప్రశ్న తెలుగునేల మీద మరో రూపంలో ఎదురైంది.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికా బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలు వచ్చాడు. ఒక్కొక్కరూ సొంతంగా మారాలి, సాక్ష్యం చెప్పాలి, అప్పుడే బాప్తిస్మమన్నది ఆయన చదువుకున్న సిద్ధాంతం. తోళ్ల వ్యాపారం చేసే తాళ్లకొండపాడు వాసి యర్రగుంట్ల పేరయ్య మొదట్లోనే కలిశాడు. అప్పటికే యోగమార్గంలో దైవాన్ని వెతుకుతున్న మనిషి. ఆయన ద్వారా మాదిగపల్లెల్లో మాట పాకింది. కానీ అక్కడ మనుషులు ఒక్కొక్కరుగా రాలేదు. కుటుంబాలు, చుట్టాలు, పల్లెలు కలిసి కదిలాయి.

ఇంతలో 1876-78 నాటి ఘోర కరవు. పొలాలు బీడయ్యాయి. కరవు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగుతోంది. యువకుడిగా సర్వే పని నేర్చిన క్లౌ దొర ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. పని దగ్గరే బోధకులూ ఉండేవాళ్లు. కలుస్తామని జనం అడుగుతున్నారు. అప్పుడాయన చేసిన పని గమనించదగ్గది. బాప్తిస్మాలు ఆపేశాడు! గింజల కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరినీ చేర్చుకోలేదు. కరవు సాయం పంచడం ముగిశాకే తలుపు తెరిచాడు.

1878 జులై 3. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. పొద్దుపోయేసరికి 2,222 మందికి బాప్తిస్మం! ఆ ఏడాది చివరికి ఆ లెక్క 9,606కు చేరింది.

విదేశాల్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఒక్క రోజులో ఇంతమంది మళ్లీ పుడతారా? ఇది ఆత్మలో మార్పా, బతుకుదెరువు వెతుకులాటా? క్లౌ మాత్రం తన కళ్లముందున్న మనుషుల్ని చూశాడు. వాళ్లకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు. వినడానికి చిన్నవే. ఆచరణలో ఒక్కోటీ ఒక్కో కొరివి. పెత్తందారు పొలానికి ఆదివారం రానంటే కూలి పోతుంది. జాతరలో డప్పు కొట్టనంటే ఊరితో తగవు. ఆ ఖరీదు చెల్లించడానికి సిద్ధపడటమే మనసు మారిందనడానికి గుర్తని ఆయన నమ్మాడు.

పుట్టడంతో ముద్రపడిన మనిషికి 'మళ్లీ పుట్టొచ్చు' అన్న మాట ఎలా వినిపించి ఉంటుంది? వెస్లీకి అది పాపభయం నుంచి విడుదల. పల్లె మనిషికి అంతకుమించి తలెత్తుకు తిరిగే హక్కు. అయితే ఆ వాగ్దానం పూర్తిగా నెరవేరలేదు. కులం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదు, పెళ్లిళ్లలోనూ పెత్తనాల్లోనూ లోపలికి వచ్చింది. దాన్ని క్రైస్తవ పెద్దలే పలుమార్లు ఎత్తిచూపారు.

మెరుపులా... మొలకలా?

మార్పు అనగానే పౌలు గుర్తొస్తాడు. దమస్కు దారిలో వెలుగు కమ్మి నేలమీద పడ్డాడు. సౌలు కాస్తా ఆ దెబ్బకు పౌలయ్యాడని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రెండూ ఆయన పేర్లే. పేరు మారినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. ఆయన యూదు మతం వదిలి మరో మతంలో చేరలేదు, కొత్త పనికి పిలుపందుకున్నాడంతే అని స్వీడన్ పండితుడు క్రిస్టర్ స్టెన్‌డాల్ 1960ల్లోనే వాదించాడు.

అగస్టీన్‌ది మరో తీరు. 386లో మిలాన్‌లోని తోటలో ఆయన మార్పు జరిగింది ఒక్క క్షణంలోనే. కానీ దాని వెనక ఏళ్ల కొట్లాట ఉంది. మంచివాణ్ని కావాలి, అయితే ఇప్పుడే వద్దని దేవుణ్ని వేడుకున్నట్టు నిజాయతీగా ఒప్పుకున్నాడు. కొడుకు కోసం ఏళ్ల తరబడి కన్నీళ్లు పెట్టుకున్న తల్లి మోనికా ఆయన బాప్తిస్మం చూసి, ఆ ఏడే కన్నుమూసింది.

అందరికీ ఇలాంటి గడియ ఒకటి ఉండాలా? అక్కర్లేదన్నాడు అమెరికా పాస్టరు హొరేస్ బుష్‌నెల్. క్రైస్తవ ఇంట పెరిగే బిడ్డ తాను దేవుడికి దూరంగా ఉన్న రోజే గుర్తులేనంత సహజంగా ఎదగాలని 1847లో రాశాడు. మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో మనుషుల్ని రెండు రకాలుగా చూపాడు. ఒక్కసారే పుట్టిన ప్రశాంత స్వభావులు, లోపల నలిగి నలిగి రెండోసారి పుట్టేవాళ్లు. మార్పు హఠాత్తుగా వచ్చిందా, నెమ్మదిగా వచ్చిందా అన్నది కాదు, దాని ఫలాలేమిటన్నదే ముఖ్యమన్నాడాయన.

ఇటీవలి కాలంలో ఆ మాట మరీ పలచబడింది. 1976లో జిమ్మీ కార్టర్ తాను మళ్లీ పుట్టిన క్రైస్తవుణ్నని చెప్పి అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డాక 'బోర్న్ అగైన్' అన్నది పత్రికల మాటైపోయింది. అదే ఏడు వాటర్‌గేట్ కేసులో జైలుకెళ్లొచ్చిన నిక్సన్ సహాయకుడు చార్లెస్ కోల్సన్ ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. నమ్మనివాళ్లు నవ్వారు. ఆయన మాత్రం ఖైదీల సేవకు సంస్థ పెట్టి 2012లో చనిపోయేదాకా జైళ్ల చుట్టూనే తిరిగాడు.

తెలిసేదెలా?

ఈ ప్రశ్నకు లోతైన జవాబు జొనాథన్ ఎడ్వర్డ్స్‌ది. 1734-35లో ఆయన ఊరు నార్తాంప్టన్ మొత్తం కదిలిపోయింది. వీధుల్లో, ఇళ్లలో ఎక్కడ చూసినా అదే మాట. కొన్నాళ్లకు వేడి చల్లారింది. ఏడ్చి మొత్తుకున్నవాళ్లలో కొందరు పాత దారే పట్టారు. 1746లో ఆయన ఓ పుస్తకం రాశాడు. కన్నీళ్లు, వణుకు, ఆనందం, నోటినిండా వాక్యాలు... ఇవేవీ దేనికీ రుజువు కావని కుండబద్దలు కొట్టాడు. నిజమైన మార్పుకు పన్నెండు గుర్తులు చెప్పాడు. పన్నెండోది, అన్నిటికన్నా పెద్దది... నడవడి.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో 'సాక్ష్యం చెప్పడం' అనే అలవాటు ఉంది. ఫలానా సంవత్సరం, ఫలానా కూడికలో రక్షణ పొందానని తేదీతో సహా చెబుతారు. తేదీ గుర్తుండటం మంచిదే. అయితే ఆ సాక్ష్యం అబద్ధమో నిజమో చెప్పగలిగేది వేదిక మీదున్నవాడు కాదు. ఇంట్లో అతనితో కలిసి బతికే భార్య, అతని దగ్గర పనిచేసే కూలీ, అతనికి అప్పిచ్చిన పొరుగువాడు. వాళ్లను అడిగితే ఏ వేదాంతమూ అక్కర్లేకుండా జవాబొచ్చేస్తుంది.